కొత్త బ్యాగా, సెకండ్ హ్యాండ్ బ్యాగా: రెండూ కొన్న నా అనుభవం

తిరుపతిలో లూయిస్ విట్టన్ (ఖరీదైన ఫ్రెంచ్ కంపెనీ, పొట్టిగా ఎల్వీ) బ్యాగ్ తగిలించుకుని తిరిగితే ఎవరూ తలతిప్పి చూడరు. డూప్లికేటే అనుకుంటారు. అలా అనుకోవడంలో తప్పు కూడా లేదు, అదే గోధుమరంగు, అవే ఎల్వీ అక్షరాలు, అవే పూలు ఉన్న సంచి బండి మీద ఆరేడు వందలకి దొరుకుతుంది, బేరం ఆడితే ఇంకో వంద తగ్గుతుంది. కాబట్టి ఊళ్ళో గొప్ప కోసం కొనాలనుకునేవాళ్ళు ఇక్కడితో చదవడం ఆపేయొచ్చు, ఆ డబ్బుతో నగ చేయించుకుంటే నలుగురి కంట్లో పడుతుంది. నేను మాత్రం నాకోసమే కొన్నాను. పెళ్ళికూతుళ్ళకి మేకప్ వేసే పని నాది. తిరుమల, తిరుచానూరు, చంద్రగిరి వైపు కల్యాణమండపాలన్నీ తిరుగుతాను, ముహూర్తాల సీజన్‌లో తెల్లవారుజామున రెండింటికే లేవాలి. నా దగ్గర కూర్చునే అమ్మాయిల్లో చాలామంది డల్లాస్ నుంచో న్యూజెర్సీ నుంచో దిగినవాళ్ళు. వాళ్ళ బ్యాగులు గదిలో కుర్చీల మీద వరసగా ఉంటే, ఒక చేత్తో బ్రష్ పట్టుకుని ఓరకంట వాటిని చూసుకుంటూ కొన్నేళ్ళు గడిపేశాను.

మా పిన్ని కూతురు అమెరికా నుంచి వచ్చినప్పుడల్లా కోచ్ అనే అమెరికన్ కంపెనీ బ్యాగులు తెచ్చి ఇంటిల్లిపాదికీ పంచుతుంది. మీ ఇళ్ళల్లోనూ ఇదే కథ అయ్యుంటుంది. అవి అవుట్‌లెట్ మాల్‌లో, అంటే కంపెనీలు తగ్గింపు ధరకి అమ్మే చోట, కొన్నవి. వాడుకోవడానికి బాగానే ఉంటాయి, కానీ అవుట్‌లెట్లలో అమ్మే సరుకులో చాలావరకు అక్కడ అమ్మడానికే వేరుగా తయారుచేసింది, ఒకప్పుడు అలాంటి కోచ్ బ్యాగుల స్టైల్ నంబర్ ముందు ఎఫ్ అనే అక్షరం కూడా ఉండేది. ఎల్వీకి అవుట్‌లెట్లు లేవు, డిస్కౌంట్లు లేవు, మన ఆషాఢం సేల్ లాంటిది అసలే లేదు. ఎవరైనా "ఎల్వీ అవుట్‌లెట్ స్టాక్, డెబ్బై శాతం తగ్గింపు" అంటే ఆ మాట దగ్గరే లేచి వచ్చేయొచ్చు.

"నేనే తెస్తాలే అక్కా, ఇక్కడ తక్కువ పడుతుంది" అంది అమెరికాలో ఉన్న ఆ చెల్లెలే. లెక్క వేసి చూశాను. 2016 బ్యాగేజ్ రూల్స్ ప్రకారం అప్పట్లో విదేశం నుంచి వచ్చేవాళ్ళకి సుంకం లేకుండా వదిలేది యాభై వేల విలువ వరకే, ఆపైన 38.5 శాతం కట్టాలి. రెండు లక్షల బ్యాగ్ అనుకోండి, యాభై వేలు పోను మిగతా లక్షన్నర మీద 57,750 రూపాయలు. దానికి ముందు అక్కడి సేల్స్ ట్యాక్స్ ఎలాగూ ఉంది. "డబ్బా పారేసి చేతికి తగిలించుకుని వస్తా, ఎవరు చూస్తారు" అని ధైర్యం చెప్పింది గానీ, చెన్నై ఎయిర్‌పోర్ట్‌లో చంటిపిల్లని ఎత్తుకుని నిలబడే మనిషికి నా బ్యాగ్ టెన్షన్ కూడా ఎందుకని వద్దన్నాను.

అప్పుడే సెకండ్ హ్యాండ్ వైపు చూడటం మొదలుపెట్టాను. ఇన్‌స్టాలో ఒకసారి వెతికితే చాలు, ఇక వద్దన్నా అవే వస్తుంటాయి. ఫస్ట్ కాపీ, మాస్టర్ కాపీ, మిర్రర్ కాపీ, సెవెన్ ఏ క్వాలిటీ అని డూప్లికేట్లలోనే ఎన్నో మెట్లు. వాళ్ళు డూప్లికేట్ అని చెప్పి మరీ అమ్ముతారు, అదొక రకం. ట్రేడ్ మార్క్స్ చట్టం 1999 ప్రకారం అదీ నేరమే, సెక్షన్ 104 కింద ఆరు నెలల నుంచి మూడేళ్ళ దాకా జైలు, యాభై వేల నుంచి రెండు లక్షల దాకా జరిమానా ఉన్నాయి. అయినా వాటివల్ల కొనేవాడు మోసపోడు. అసలు భయం రెండో రకంతో. "ఒరిజినలే డియర్, గిఫ్ట్ వచ్చింది, రెండుసార్లు వాడాను, బిల్ దొరకట్లేదు" అంటూ కొత్త ధరలో మూడో వంతుకి ఇస్తామంటారు. ఒకామె బిల్ కూడా పంపింది. చూడటానికి ఎంత బాగుందంటే, బిల్లే ఇంత చక్కగా ఉంటే బ్యాగ్ ఇంకెలా ఉంటుందో అనిపించింది. తర్వాత తెలిసింది, డూప్లికేట్ బ్యాగులకి డూప్లికేట్ బిల్లు, డబ్బా, రిబ్బను అన్నీ సెట్టుగా వస్తాయట. లోపలి జేబు మూల ఫొటో తీసి పంపమని అడిగాను. "నమ్మకం లేకపోతే కొనకండి" అని జవాబు. సరే, కొనలేదు.

అలా కొన్నాళ్ళు చూసి చూసి, మొదటిది మాత్రం కొత్తదే కొందామని బెంగళూరు బస్సు ఎక్కాను. చిత్తూరు, పలమనేరు, ముళబాగిలు, కోలారు మీదుగా వెళ్ళి, దిగి ఆటోలో విట్టల్ మాల్యా రోడ్డులో యూబీ సిటీ మాల్‌లో ఉన్న ఎల్వీ షోరూంకి. ధర ఇంట్లోనే వెబ్‌సైట్‌లో చూసుకుని వెళ్ళాను, షాపులోనూ అదే ధర, అందులోనే పద్దెనిమిది శాతం జీఎస్టీ. తలుపు తీసేవాడు, లోపల చల్లదనం, కూర్చోగానే మంచినీళ్ళు. మనం చీరలషాపులో చేసినట్టు "అది తియ్యి, ఇది తియ్యి, ఆ పైది కూడా" అంటే కుదరదేమో అనుకున్నా గానీ, అడిగినవన్నీ ఓపిగ్గా తీసి చూపించారు. ఒక మనిషికి ఒక సేల్స్ అమ్మాయి, మన పని అయ్యేదాకా మనతోనే ఉంటుంది. చుడీదార్, మామూలు చెప్పులతో వెళ్ళాను, ఎవరూ వింతగా చూడలేదు. నేనే అద్దంలో నన్ను రెండుసార్లు వింతగా చూసుకున్నాను.

ఏది కొనాలో ముందే నిర్ణయించుకున్నాను, స్పీడీ 25 అనే మోడల్, పొడుగు బెల్టు ఉన్నది, డామియే ఎబెన్ అనే ముదురు గోధుమరంగు గళ్ళలో. అందరూ అడిగే అక్షరాల డిజైన్, అదే మోనోగ్రామ్, ఎందుకు తీసుకోలేదంటే దానికి కారణం నా చేతులు. మోనోగ్రామ్ బ్యాగులకి పిడులూ అంచులూ వచెట్టా అనే తోలుతో చేస్తారు. పైన ఏ పూతా లేని లేత తోలు అది, నీటి చుక్క పడితే మచ్చ, నూనె చెయ్యి తగిలితే మచ్చ, ఎండకీ చేతి చెమటకీ నెమ్మదిగా తేనెరంగుకి తిరుగుతుంది. రోజంతా ఫౌండేషన్, కొబ్బరినూనె, పూలదండల మధ్య ఉండే నాకు అది సరిపడదు. గళ్ళ బ్యాగుకి వాడే తోలు ముందే రంగు వేసిన గోధుమ తోలు, వానకీ చేతికీ అంత త్వరగా లొంగదు. ఈ గళ్ళ డిజైన్ 1888 నాటిది, అక్షరాలు పూలు ఉన్న మోనోగ్రామ్ 1896లో వచ్చింది, రెండూ నకళ్ళని ఆపడానికే పెట్టారంటే నవ్వొస్తుంది ఇప్పుడు.

కొత్తదే కదా అని కళ్ళు మూసుకుని తీసుకోలేదు. పిడి కుట్టిన చోట రెండు వైపులా కుట్లు సమానంగా ఉన్నాయా, జిప్పు చివర్లో గుడ్డ పట్టేస్తోందా చూసి, ఇంకోటి కూడా తెమ్మని అడిగి పక్కపక్కన పెట్టి చూసుకున్నాను. విసుక్కోకుండా లోపల్నించి ఇంకోటి తెచ్చింది. ఆ ఒక్క మర్యాదకి కూడా మనం డబ్బు కడుతున్నామని తెలుసు, అయినా బాగానే అనిపించింది. కార్డు గీకాను. రెండు లక్షలు దాటిన ఏ కొనుగోలుకైనా పాన్ నంబర్ ఇవ్వాలి, రెండు లక్షలు గానీ అంతకుమించి గానీ నగదు తీసుకోవడానికి చట్టం ఒప్పుకోదు, కాబట్టి పెళ్ళిళ్ళలో వచ్చిన నోట్లకట్ట సంచిలో వేసుకుని వెళ్దామనుకునే నా తోటి మేకప్ ఆర్టిస్టులు ఇది గుర్తుపెట్టుకోండి.

నారింజ డబ్బాతో చిత్తూరులో అమ్మ దగ్గర దిగాను. అమ్మ బ్యాగ్‌ని అటూ ఇటూ తిప్పి గోటితో గీకి చూసి, "రెండు లచ్చలు పెట్టి రెగ్జిన్ సంచి తెచ్చినావా మే?" అంది. కోపం వచ్చింది గానీ ఆమె చెప్పింది దాదాపు నిజం! చాలామంది ఆ బ్యాగంతా తోలు అనుకుంటారు, కాదు. నూలు కాన్వాస్ గుడ్డ మీద పీవీసీ పూత, తోలు ఉండేది పిడులకీ అంచులకీ మాత్రమే. "ఆ కొంచెం మాత్రం దేని తోలు?" అని రెండో ప్రశ్న. ఆవు తోలు అని చెప్పేసరికి పూజగది వైపు తీసుకుపోవద్దని ఆర్డర్ వేసింది, ఇప్పటికీ ఆ ఆర్డర్ అమల్లోనే ఉంది.

ఇక రెండోది. నాకు చాలాకాలంగా కంట్లో ఉన్న మోడల్ డిలైట్‌ఫుల్, భుజానికి వేలాడే మెత్తటి పెద్ద సంచి, కంపెనీ దాన్ని చెయ్యడం మానేసింది. షోరూంకి వెళ్ళి ఎంత డబ్బు ఇచ్చినా రాదు. అంటే సెకండ్ హ్యాండ్ తప్ప దారి లేదు, కాబట్టి ఈసారి నేర్చుకుని దిగాను.

నేర్చుకున్నవాటిలో పనికొచ్చేది డేట్ కోడ్. పాత ఎల్వీ బ్యాగుల లోపల, జేబులోనో అంచులోనో, రెండు అక్షరాలు నాలుగు అంకెలు అచ్చు వేసి ఉంటాయి. అక్షరాలు ఏ కార్ఖానాలో కుట్టారో చెప్తాయి. 2007 నుంచి అంకెల పద్ధతి ఏంటంటే, ఒకటో అంకె, మూడో అంకె కలిపితే వారం, రెండోది, నాలుగోది కలిపితే సంవత్సరం. నేను చూసిన బ్యాగ్‌కి టీహెచ్ 4123 అని ఉంది, అంటే ఫ్రాన్స్‌లో, 2013లో, 42వ వారంలో చేసినది. చాలామంది దీన్ని ఆధార్ నంబర్‌లా ఒక్కో బ్యాగ్‌కి ఒక్కోటి అనుకుంటారు, అలా కాదు, ఆ వారం అక్కడ కుట్టినవాటికి అదే కోడ్ ఉండొచ్చు. కోడ్ సరిగ్గా ఉన్నంత మాత్రాన ఒరిజినల్ అని కాదు, దొంగసరుకు చేసేవాడికీ ఈ లెక్క తెలుసు. కోడ్ తప్పుగా ఉంటే మాత్రం ఇక మాట్లాడక్కర్లేదు. 2021 మార్చి నుంచి కోడ్ తీసేసి లోపల చిప్ పెడుతున్నారు. కాబట్టి "2023లో కొన్నది" అని చెప్తూ కోడ్ ఫొటో చూపించేవాళ్ళని ఒకటికి రెండుసార్లు అడగాలి. కొంతమంది షోరూంకే తీసుకెళ్ళి ఒరిజినలో కాదో చెప్పించుకుందాం అనుకుంటారు, బయట కొన్న బ్యాగ్‌కి వాళ్ళు అలాంటి సర్టిఫికెట్ ఇవ్వరు.

తర్వాత అచ్చు అక్షరాలు. తోలు మీద కంపెనీ పేరు నొక్కి వేసినచోట ఇంగ్లీషు 'O' అక్షరం నిండు గుండ్రంగా ఉండాలి, ఎల్ కాలు పొట్టిగా ఉండాలి, పక్కపక్క రెండు టీలు దాదాపు అతుక్కున్నట్టు ఉండాలి. తోలు అంచులకి పూసే గ్లేజింగ్ ముదురు ఎరుపులో ఉంటుంది, డూప్లికేట్లలో తరచు తిలకంలా మెరిసిపోతూ కనిపిస్తుంది. పాత బ్యాగ్ అయ్యుండి వచెట్టా తోలు ఎక్కడా రంగు మారకుండా తెల్లగా ఉంటే, ఆ తోలు కొత్తగా వేయించి అయినా ఉండాలి, లేదా అసలు వచెట్టా కాకపోయుండాలి. ఇంకోటి, మా ఫ్రెండ్ ఒకామె తన మోనోగ్రామ్ స్పీడీకి వెనకవైపు ఎల్వీ అక్షరాలు తలకిందులుగా ఉన్నాయని ఏడ్చినంత పనిచేసింది. అది ఒకే కాన్వాస్ ముక్కని అడుగున కొయ్యకుండా మడిచి కుట్టే బ్యాగ్, ముందువైపు నిటారుగా ఉంటే వెనకవైపు తలకిందులు కావడమే సరి.

ఇవన్నీ రాత్రిళ్ళు చదువుతూ కూర్చుంటే ఒకటి అర్థమైంది నాకు. కొత్తదానికీ పాతదానికీ ధరలో ఉన్న తేడా ఊరికే రాదు, ఆ తేడా మన టెన్షన్‌కీ మన చదువుకీ ఇచ్చే కూలి. షోరూంలో ఏమీ తెలియకపోయినా పర్లేదు, బిల్ ఇస్తారు, ఇంటికొచ్చి నిద్రపోతాం. సెకండ్ హ్యాండ్‌లో మనకి తెలిసినంత మేరకే డబ్బు మిగులుతుంది, తెలియకపోతే మిగిలినట్టు కనిపించిన డబ్బుతో పాటు పెట్టిందీ పోతుంది.

డీలర్లని చూసుకోవడంలోనే ఎక్కువ టైం పట్టింది. మొదట ఒక పాత నోయే బ్యాగ్ మీద మనసుపడ్డాను. 1932లో ఐదు షాంపేన్ సీసాలు పట్టేలా, నాలుగు నిటారుగా, మధ్యలోది తలకిందులుగా, తయారుచేసిన సంచి అది, దాన్నేసుకుని నేను తిరుచానూరు వెళ్దామనుకున్నాను! వీడియో కాల్‌లో లోపల వేలు పెట్టి రుద్దమన్నాను, వేలు అతుక్కుని వదలట్లేదు. అలాంటి పాత బ్యాగుల్లో కొన్నింటికి లోపలి పూత తేమకి కరిగి జిగురైపోతుంది, మన ఎండల్లో ఇంకా తొందరగా. అది వదిలేశాను.

డిలైట్‌ఫుల్ ముంబైలో ఒక డీలర్ దగ్గర దొరికింది. ఆ రోజు తేదీ రాసిన కాగితం పక్కన పెట్టి వీడియో తీయమన్నాను, నాలుగు మూలలు, పిడి లోపలివైపు, కొక్కెం, కోడ్, అచ్చు, అన్నీ. ఇన్‌స్టా ఆమెలా చిరాకుపడకుండా అడిగినదానికంటే ఎక్కువే పంపాడు. ఎంట్రపీ సర్టిఫికెట్ ఉంది, ఫోన్‌కి తగిలించే పరికరంతో బ్యాగ్ ఉపరితలాన్ని బాగా పెద్దది చేసి ఫొటోలు తీసి, కంప్యూటర్ పోల్చి చూసి ఇచ్చేది అది. అయినా నా తృప్తికి అవే ఫొటోలు ఫీజు కట్టి వేరేచోట కూడా చూపించుకున్నాను. ఎనభై వేలు చెప్పాడు, డెబ్బై నాలుగుకి తెగింది. అదొక సుఖం సెకండ్ హ్యాండ్‌లో, బేరం ఆడొచ్చు, షోరూంలో నోరు కట్టేసినట్టు ఉంటుంది.

బిల్ చూసి మాత్రం అనుమానం వచ్చింది, ధర మీద పద్దెనిమిది శాతం ఎక్కడా కనపడలేదు. మా బావ ఆడిటర్ ఆఫీసులో పని చేస్తాడు, చూపిస్తే విడమరిచి చెప్పాడు. పాత సరుకు కొని అమ్మేవాళ్ళకి జీఎస్టీలో రూల్ 32(5) అని ఒకటుంది, వాళ్ళు కొన్న ధరకీ అమ్మిన ధరకీ మధ్య తేడా మీదే పన్ను. అందువల్ల బిల్ అలా ఉండటం తప్పేమీ కాదట. బిల్లే ఇవ్వనన్నవాడి దగ్గర కొనకూడదు, అంతే.

కొరియర్ తిరుపతికి వచ్చిన రోజు, సీలు కోయకముందు నుంచీ మా అబ్బాయి చేత ఆపకుండా వీడియో తీయించాను. బ్యాగ్ బాగుంది. తోలు పిడి నుంచి కిందిదాకా ఒకే తేనెరంగులో ఉంది, పిడి లోపలివైపు మాత్రం కాస్త లేతగా. ఎక్కడా నాఫ్తలీన్ కంపు లేదు. లోపలి గుడ్డ మీద ఒక పెన్ను గీత కనపడింది, ఫొటోల్లో లేదు, డీలర్‌కి వీడియో పంపితే కొంచెం గొణిగి రెండు వేలు వెనక్కి వేశాడు.

వాడకంలో రెండింటికీ పోలిక లేదు. గళ్ళది పనికి తీసుకెళ్తాను, అలిపిరి దగ్గర స్కానర్ బెల్టు మీద సూట్‌కేసుల మధ్యన పడేసి అవతల అందుకుంటాను, ఏమీ కాలేదు. డిలైట్‌ఫుల్‌ని మాత్రం మే నెలలో బయటికి తియ్యను. ఎండలో నిలిపిన కార్లో వదిలేస్తే గ్లేజింగ్ మెత్తబడి అంటుకుంటుంది. బీరువాలో ప్లాస్టిక్ కవర్‌లో పెట్టకూడదు, నూలు సంచిలోనే పెట్టాలి, లోపల పాత నూలు చీర ముక్కలు కుక్కితే ఆకారం పోదు. వానాకాలం సిలికా జెల్ పొట్లాలు వేస్తాను. పిడికి కొబ్బరినూనె రాస్తే మెరుస్తుందని అమ్మ రెండుసార్లు సీసా పట్టుకుని వచ్చింది, రెండుసార్లూ లాక్కున్నాను.

బ్యాగ్‌ని పెట్టుబడి అని చెప్పేవాళ్ళ మాట మాత్రం నాకు ఎక్కదు. కొత్త స్పీడీకి ఎంత ఇస్తావని అదే డీలర్‌ని ఊరికే అడిగి చూశాను, కొన్న ధరకి చాలా తక్కువ చెప్పాడు, తన దగ్గర పెట్టి అమ్మిపెడితే కమీషన్ వేరే అన్నాడు. మా వీధి చివర నగలకొట్టు ఆయన గొలుసు తూకం వేసి అప్పటికప్పుడు డబ్బు చేతిలో పెడతాడు. ఎర్మెస్ అనే ఇంకో ఫ్రెంచ్ కంపెనీ చేసే బిర్కిన్ లాంటి కొన్ని బ్యాగుల సంగతి వేరు. ఆ బ్యాగ్‌కి పేరొచ్చిన నటి జేన్ బిర్కిన్ వాడిన మొట్టమొదటి బ్యాగ్ 2025 జులైలో పారిస్‌లో సోథెబీస్ వేలంలో 86 లక్షల యూరోల దాకా పలికింది, అది చూసి మన ఎల్వీ కూడా పెరుగుతుందనుకుంటే ఎలా. పది లక్షలు దాటిన హ్యాండ్‌బ్యాగులకి 2025 ఏప్రిల్ 22 నుంచి ఒక శాతం టీసీఎస్ (అమ్మేవాళ్ళే మన దగ్గర తీసుకుని కట్టే పన్ను) కూడా వసూలు చేస్తున్నారు, అది మనదాకా రాదు లెండి.

రెండోది సెకండ్ హ్యాండ్ కొన్నాక నాకు కొత్తదాని మీద గౌరవం తగ్గలేదు, పెరగనూ లేదు. ఎవరైనా అడిగితే, ఇప్పుడు షోరూంలో దొరికే మోడల్, రోజూ పనికి వాడేది అయితే కొత్తది కొనమంటాను. తయారీ ఆగిపోయిన మోడల్ అయితే సెకండ్ హ్యాండే దారి, కానీ బిల్ ఇచ్చే డీలర్, తిరిగి తీసుకునే షరతు రాతలో, సర్టిఫికెట్ ఉండాలి. నా దగ్గర పని నేర్చుకునే అమ్మాయి మొన్న ఒక బ్యాగ్ ఫొటోలు పంపింది, "నలభై వేలేనంట అక్కా, 2012ది, ఒరిజినలంట". లోపలి కోడ్ ఎస్పీ 6112. ఒకటో అంకె, మూడో అంకె కలిపి చదవమన్నాను. కాసేపాగి ఫోన్ చేసి, "సంవత్సరానికి అరవై ఒక్క వారాలు యాడుంటాయక్కా?" అంది. అమ్మేవాడిని అదే ప్రశ్న అడిగిందట, వాడు వెంటనే బ్లాక్ చేశాడట.